వైజాగ్‌లో సెకండ్ హ్యాండ్ హైబ్రిడ్ కారు కొంటున్నారా? అడ్వాన్సు ఇచ్చే ముందు ఇది చదవండి

డాష్‌బోర్డులో ఒక్క వార్నింగ్ లైటూ వెలగడం లేదు కదా అని పాత హైబ్రిడ్ కారుకు డబ్బు కట్టేయకండి. ఆ లైటును ఆర్పేయడం చాలా తేలిక. మాకు అదే చేశారు.

నగరంలోని ఒక పాత కార్ల యార్డులో స్ట్రాంగ్ హైబ్రిడ్ (పెట్రోల్ ఇంజిన్‌తో పాటు, కొంతసేపు బ్యాటరీ మోటారుతోనే నడవగల కారు) కొన్నాం. ఆర్కే బీచ్ నుంచి రుషికొండ దాకా ట్రయల్ వేయించారు. పొద్దున్నే చల్లటి గాలి, చాలాసేపు ఇంజిన్ చప్పుడే లేదు. ఇంటిల్లిపాదికీ నచ్చింది. సిటీలో తిరిగినన్నాళ్లూ ఏ ఇబ్బందీ రాలేదు. పెద్దవాళ్లను, పిల్లలను ఎక్కించుకుని అరకు బయల్దేరితే, శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కుతుండగా వెనక సీటు దగ్గర ఫ్యాను హోరెత్తింది. కాసేపటికి హైబ్రిడ్ సిస్టమ్ చెక్ చేయమని హెచ్చరిక, వెంటనే పికప్ పడిపోయింది. మలుపు మధ్యలో ఉన్నాం, వెనక బస్సు హారన్ కొడుతోంది. ఆ టెన్షన్ ఎవరికీ వద్దు.

సర్వీస్ సెంటర్‌లో కారు కంప్యూటర్‌ను చదివే స్కానర్ పెట్టాక అసలు సంగతి బయటపడింది. కంప్యూటర్‌లో నమోదైన లోపాల గుర్తులు, అంటే ఎర్రర్ కోడ్‌లు చెరిపితే లైటు ఆరిపోతుంది గానీ, చెరిపాక బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో కంప్యూటర్ లెక్కపెడుతూనే ఉంటుంది. ఆ అంకె, మేం బండి తెచ్చుకున్నాక తిరిగిన దూరం దాదాపు ఒకటే. అంటే మాకు చూపించే ముందే చెరిపేశారన్నమాట. బ్యాటరీలో ఒక బ్లాకు (కొన్ని సెల్స్ కలిసిన భాగం) వోల్టేజి మిగతావాటి కంటే బాగా తక్కువగా ఉంది. మెకానిక్ వెనక సీటు పక్కనున్న గ్రిల్ ఊడదీసి చూపించాడు. లోపలి ఫిల్టరుకు దుమ్ము, దారప్పోగులు, వెంట్రుకలు కలిసి మందంగా పట్టేశాయి. బ్యాటరీని చల్లబరిచే గాలి వెళ్లాల్సింది అందులోంచే. మన ఉక్కపోతలో అలా మూసుకుపోతే సెల్స్ ఎన్నాళ్లు తట్టుకుంటాయి?

"బ్యాటరీకి 8 ఏళ్ల వారంటీ ఉంది సార్" అన్నారు అమ్మేటప్పుడు. మన దగ్గర చాలా స్ట్రాంగ్ హైబ్రిడ్‌లకు అది 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది. ఆ రెండో ముక్క చెప్పలేదు. ఛాసిస్ నంబరుతో కంపెనీ సర్వీసు రికార్డు తీయిస్తే బండి ఆ హద్దు ఎప్పుడో దాటేసింది. మీటరేమో లక్ష కూడా చూపించడం లేదు! నిలదీస్తే "చూసుకునే కదా సార్ తీసుకున్నారు" అని చేతులు దులుపుకున్నారు.

హైబ్రిడ్ మంచిది కాదని అనడం లేదు. ఎన్‌ఏడీ, మద్దిలపాలెం ట్రాఫిక్‌లో దాని అంత హాయి మరొకటి లేదు. కానీ కొనేముందు యార్డు మనిషిని కాకుండా మీకు తెలిసిన మెకానిక్‌ను స్కానర్‌తో తీసుకెళ్లండి. కోడ్‌లు చెరిపాక తిరిగిన దూరం, బ్లాకుల వోల్టేజి రెండూ చూడమనండి. చెరిపి పట్టుమని వంద కిలోమీటర్లు కాలేదంటే కారణం అడగండి. ఏసీ వేసి, మనుషులను నింపుకుని సింహాచలం కొండ ఎక్కించండి. బీచ్ రోడ్డు ట్రయల్‌లో ఏమీ తేలదు. సర్వీసు రికార్డు మీ కళ్ల ముందే తీయించండి. వీటిలో ఏ ఒక్కదానికి ఒప్పుకోకపోయినా ఆ బండి వదిలేయండి.

ఇప్పటికే మోసపోయినవాళ్లు రసీదులు, వాట్సాప్ మెసేజ్‌లు చెరపకండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లలోపు కేసు వేయొచ్చు. మేం కాగితాలు సిద్ధం చేస్తున్నాం.