నెల్లూరులో సైకోథెరపీ పీజీ డిప్లొమాకు అప్లై చేసేవాళ్లు డబ్బు కట్టకముందు ఇది చదవండి

ఇది నిన్న సాయంత్రం జరిగింది. కోపం తగ్గాక రాద్దామనుకున్నా. కానీ అది తగ్గేలోపు ఇంకొకరు డబ్బు కట్టేస్తారని ఇప్పుడే రాస్తున్నా.

నెల్లూరు టౌన్‌లో సైకోథెరపీ (మాటలతో చేసే మానసిక చికిత్స) అండ్ కౌన్సెలింగ్ పీజీ డిప్లొమా అని ఫ్లెక్సీలు కట్టి, ఇన్‌స్టాగ్రామ్‌లో రీల్స్ వదులుతున్న ఇన్‌స్టిట్యూట్ ఏదో మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఏడాదిలో సైకోథెరపిస్ట్ అయిపోవచ్చని, వెంటనే సొంత క్లినిక్ పెట్టుకోవచ్చని చెప్తారు చూడండి, వాళ్లే. కంప్లయింట్ వేయబోతున్నాం కాబట్టి ఇప్పుడే పేరు రాయొద్దని లాయర్ గారు చెప్పారు.

నాది కావలి. ప్రైవేటు స్కూల్లో టీచర్ని, ఎమ్మెస్సీ సైకాలజీ చేశాను. పదో తరగతి పిల్లలు పరీక్షల ముందు ఎలా అయిపోతారో, ఇంటర్‌కి హాస్టళ్లలో చేరినవాళ్లు సెలవులకు వచ్చి ఎవరితోనూ మాట్లాడకుండా ఎలా కూర్చుంటారో రోజూ చూస్తున్నా. వాళ్లతో మాట్లాడటం పద్ధతిగా నేర్చుకోవాలని ఎప్పటి నుంచో ఉంది. ఇల్లు, ఉద్యోగం వదిలి విశాఖకో బెంగళూరుకో పోయి చదివే వీలు లేదు. శని, ఆదివారాల్లో నెల్లూరులోనే క్లాసులంటే పొద్దున పినాకిని రైలు ఎక్కితే చాలు కదా అని అప్లై చేశా.

ఫోన్ చేసినప్పుడు ఒక యూనివర్సిటీకి అఫిలియేషన్ ఉందన్నారు. కోర్సు అయ్యాక ఆర్‌సీఐ (క్లినికల్ సైకాలజిస్టులను రిజిస్టర్ చేసే కౌన్సిల్) లైసెన్స్ వస్తుందన్నారు. హాస్పిటల్లో సీనియర్ల దగ్గర ప్రాక్టీస్ ఇప్పిస్తామన్నారు. మొత్తం ఫీజు 85,000. సీట్లు అయిపోతున్నాయని తొందర పెడితే అప్లికేషన్‌కి 1,500, సీటు బ్లాక్ చేయడానికి 30,000 ఫోన్‌పేలో పంపాను. వెరిఫికేషన్ అని ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా తీసుకున్నారు.

ఇప్పుడు ఆ అప్లికేషన్ ఫారం గురించి చెప్పాలి, అసలు విషయం అక్కడే ఉంది. అందులో ఒక భాగం పూర్తిగా మన గురించి మనం రాసుకోవడానికే. మీ జీవితంలో మిమ్మల్ని బాగా బాధపెట్టిన అనుభవం ఏమిటి, దాని నుంచి ఎలా బయటపడ్డారు, అది మిమ్మల్ని ఈ వృత్తి వైపు ఎలా తీసుకొచ్చింది అని అడిగారు. కింద ఈ వివరాలు రహస్యంగా ఉంచుతామని అచ్చువేసి ఉంది. ఇలా అడగడం తప్పు కాదు. ఈ రంగంలో మంచి కోర్సులు కూడా ఇంటర్వ్యూలో ఇలాంటివి అడుగుతాయి. ఇంగ్లండ్‌లో చాలా సైకోథెరపీ కోర్సుల్లో చదివే మనిషే కొంతకాలం ఇంకొకరి దగ్గర థెరపీ తీసుకోవాలనే నియమం కూడా ఉంది. మన బాధ మనకు తెలియకపోతే, ఎదుటి మనిషి చెప్పేదానిలో మన బాధనే వింటూ కూర్చుంటాం. అందుకని ఆ ప్రశ్నలు చూసి నాకు నమ్మకం పెరిగింది.

నేను మా ఇంట్లో ఒకరి అనారోగ్యం గురించి రాశాను. ఏ జబ్బు, ఎవరికి అనేది ఇక్కడ చెప్పను. ఆ మనిషిని అడిగి, "రాయి, నీ చదువుకు పనికొస్తే మంచిదే కదా" అన్నాకే రాశా. మా వీధిలో ఎవరికీ తెలియదు. బంధువుల్లో కూడా ఒకరిద్దరికి తప్ప తెలియదు.

తర్వాత అఫిలియేషన్ లెటర్ పంపమని అడిగాను. సోమవారం అన్నారు, తర్వాత ఇంకో సోమవారం అన్నారు. చివరికి వాట్సాప్‌లో ఐఎస్‌ఓ సర్టిఫికెట్, ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఫొటోలు పంపి, ఇదిగో గవర్నమెంట్ గుర్తింపు అన్నారు. ఉద్యమ్ అంటే చిన్న వ్యాపారాల రిజిస్ట్రేషన్, టైలర్ షాపు పెట్టినా ఆన్‌లైన్‌లో ఉచితంగా వస్తుంది. ఐఎస్‌ఓ 9001 ఆఫీసు నిర్వహణ పద్ధతికి సంబంధించింది. ఈ రెండింటిలో ఏదీ కోర్సుకి గుర్తింపు కాదు. యూనివర్సిటీ పేరు అడిగితే మొదట ఒకటి చెప్పారు, తర్వాతి ఫోన్‌లో ఇంకో రాష్ట్రంలోది చెప్పారు. డిస్టెన్స్ మోడ్‌లో సర్టిఫికెట్ ఇప్పిస్తామన్నారు. 2025 జులై-ఆగస్టు సెషన్ నుంచి సైకాలజీని దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ కొత్తగా అడ్మిషన్లు ఇచ్చి నడపకూడదని యూనివర్సిటీల మీద ఉండే యూజీసీ చెప్పేసింది. దూరవిద్యను ఫ్రాంచైజీగా ప్రైవేటు సెంటర్లకు ఇవ్వడం అంతకుముందు నుంచే నిషేధం. ఇదే మాట ఫోన్‌లో అడిగితే నేరుగా వచ్చి మాట్లాడమన్నారు.

నిన్న వెళ్లాను. ఆదివారం కాబట్టి కొత్తవాళ్లకు డెమో క్లాస్ పెట్టారు. హాల్లో కుర్చీలన్నీ నిండి ఉన్నాయి. ఎక్కువమంది ఆడపిల్లలు, కొందరు తల్లిదండ్రులతో వచ్చారు. లోపల గదిలో మాట్లాడదామని రెండుసార్లు అడిగా. డైరెక్టర్ సార్ కదల్లేదు, ఇక్కడే చెప్పమన్నాడు. సరే, అఫిలియేషన్ లెటర్ చూపించండి, లేకపోతే నా డబ్బు, ఒరిజినల్స్ తిరిగి ఇచ్చేయండి అన్నాను.

"ఏంది మేడమ్, సంతకం పెట్టి చేరి ఇప్పుడు ఎంక్వయిరీలు చేస్తుండారా? డబ్బు వెనక్కి ఇచ్చే పద్ధతి మా దగ్గర లేదు."

అడ్మిషన్ చివరి తేదీకి ముందే మానుకుంటే ఫీజు తిరిగి ఇవ్వాలని, ఒరిజినల్స్ దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే నోటిఫికేషన్ ఇచ్చింది కదా సార్ అన్నా.

"అవన్నీ యూనివర్సిటీలకు మేడమ్. మాది ట్రైనింగ్ సెంటర్. మాకు వర్తించవు."

డబ్బు తీసుకునేటప్పుడు యూనివర్సిటీ, తిరిగి ఇమ్మంటే ట్రైనింగ్ సెంటర్. ఆ మాటే గట్టిగా అన్నాను. కుర్చీల్లో ఉన్నవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒక తండ్రి లేచి, "అంటే సార్, ఆ లైసెన్స్ సంగతి కూడా..." అని ఏదో అడగబోయాడు.

అప్పుడు డైరెక్టర్ బీరువా తీసి నా ఫైలు బయటకు లాగాడు. నేను రాసిన ఆ పేజీ తెరిచి, నా వైపు చూడకుండా హాల్లో ఉన్నవాళ్ల వైపు తిరిగాడు.

"మీరేం పట్టించుకోకండమ్మా. ఈమె ఇంట్లో ఇట్టాంటి కేసు ఒకటి ఉంది, ఈమే రాసింది చూడండి." జబ్బు పేరు చదివాడు. అది ఎవరికో కూడా చదివాడు. "ఇట్టాంటి ఇళ్లలో ఉండేవాళ్లకు అందరి మీదా అనుమానమే. ఈమెకు కోర్సు కాదు, ముందు ట్రీట్‌మెంట్ కావాలి."

ఎవరూ నవ్వలేదు. ఆ మాట చెప్పాలి, ఎందుకంటే అక్కడ కూర్చున్నవాళ్లకు ఆయన కంటే ఎక్కువ సంస్కారం ఉంది. రిసెప్షన్‌లో ఉన్న అమ్మాయి తల వంచుకుంది. కానీ కుర్చీల్లో మా కావలి అమ్మాయి ఒకరున్నారు. వాళ్ల అక్క మా స్కూల్లోనే పనిచేస్తుంది. ఆ అమ్మాయి నన్ను గుర్తుపట్టడం నేను చూశాను.

ఆ పేపర్ ఇచ్చేయమని చెయ్యి చాపాను. అది వాళ్ల రికార్డట, ఇవ్వరట. 112కి ఫోన్ కలిపాకే ఒరిజినల్స్ తెచ్చి టేబుల్ మీద పడేశారు. ఆ పేజీ మాత్రం ఇప్పటికీ వాళ్ల బీరువాలోనే ఉంది. డబ్బు ఇవ్వలేదు.

రాత్రి ఇంటికొచ్చి ఆ మనిషికి జరిగింది చెప్పాల్సి వచ్చింది. వేరేవాళ్ల నోటి నుంచి వినకూడదని నేనే చెప్పా. ఏమీ అనలేదు. "ఎవరెవరు విన్నారు?" అని మాత్రం అడిగారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సిన స్థితికి మా ఇంటిని తెచ్చింది ఆ డైరెక్టర్. 31,500 రూపాయలు పోతే పోనీ, ఎలాగో సంపాదించుకుంటాను. ఇది నేను వదలను.

కౌన్సెలింగ్‌లో మొట్టమొదట నేర్పేది ఎదుటి మనిషి చెప్పింది గది దాటకూడదని. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం 23వ సెక్షన్‌లో ఆ హక్కు రాసి ఉంది, మానసిక అనారోగ్యం ఉన్న మనిషి వివరాలు రహస్యంగా ఉంచాలని, చికిత్స చేసేవాళ్లకు అది బాధ్యత అని. ఆ చట్టం వీళ్ల బ్రోచర్‌లో సిలబస్ కింద కూడా ఉంది. దాన్ని పాఠంగా చెప్తానంటున్న మనిషే జబ్బు పేరును తిట్టులాగా వాడాడు. మనవైపు జబ్బు కంటే నలుగురికీ తెలుస్తుందన్న భయంతోనే చాలామంది డాక్టర్ దగ్గరికి పోరు. ఎంత కష్టపడితే ఒక ఇంట్లో మందులు మొదలవుతాయో ఆ పని మీద ఉన్నవాళ్లందరికీ తెలుసు. ఈయన దగ్గర ఏడాది చదివి బయటికొచ్చినవాళ్లు రేపు ఒంగోలులోనో, ఆత్మకూరులోనో బోర్డు పెట్టుకుని కూర్చుంటారు. మన పిల్లలు వెళ్లి వాళ్ల ముందు మనసు విప్పుతారు. నాకు ఎక్కువ భయం దాని గురించే.

లైసెన్స్ మాట కూడా స్పష్టంగా చెప్తా. ఆర్‌సీఐ అంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, 1992 చట్టం కింద ఏర్పడింది. క్లినికల్ సైకాలజిస్ట్‌గా పనిచేయాలంటే వాళ్లు గుర్తించిన కోర్సును, వాళ్లు అనుమతించిన సంస్థలోనే చదివి, సెంట్రల్ రిహాబిలిటేషన్ రిజిస్టర్‌లో పేరు ఎక్కించుకోవాలి. ఇన్నాళ్లూ అందరికీ తెలిసిన దారి ఎంఫిల్ క్లినికల్ సైకాలజీ. రెండేళ్లు ఫుల్‌టైమ్, ఎంట్రన్స్ రాయాలి, ఆస్పత్రిలో రోగుల మధ్య పనిచేయాలి. శని, ఆదివారాలు కూర్చుంటే అది రాదు. రిజిస్ట్రేషన్ లేకుండా ఆ పని చేస్తే ఏడాది వరకు జైలు కూడా ఉందని అదే చట్టంలో ఉంది. అంటే వీళ్ల మాట నమ్మి బోర్డు పెట్టినవాళ్లే రేపు ఇరుక్కుంటారు, వీళ్లకు ఏమీ కాదు.

కౌన్సెలింగ్ కోర్సులన్నీ మోసమని నేను అనడం లేదు. టీచర్లకు, సోషల్ వర్కర్లకు పనికొచ్చే చిన్న కోర్సులు ఉన్నాయి. నిజాయితీగా నడిపేవాళ్లు ఇది లైసెన్స్ కాదని ముందే చెప్తారు.

అప్లై చేసేవాళ్లు ఇవి మాత్రం చూసుకోండి. ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లో అనుమతి ఉన్న సంస్థల లిస్టు ఉంటుంది, అందులో పేరు లేకపోతే లైసెన్స్ మాట నమ్మొద్దు. మన నెల్లూరులోనే కేంద్ర ప్రభుత్వ సీఆర్‌సీ (దివ్యాంగుల పునరావాస కేంద్రం) ఉంది, సికింద్రాబాద్‌లోని ఎన్‌ఐఈపీఐడీ అనే జాతీయ సంస్థ కింద నడుస్తుంది. ఆర్‌సీఐ కోర్సుల గురించి అక్కడికి పోయి అడగొచ్చు. హాస్పిటల్ ప్రాక్టీస్ అంటే ఏ హాస్పిటల్, ఎన్ని గంటలు, ఎవరి సూపర్‌విజన్‌లో అని కాగితం మీద రాసివ్వమనండి. ఇంగ్లండ్‌లో బీఏసీపీ (అక్కడి కౌన్సెలర్ల సంఘం) గుర్తించిన కోర్సుల్లో సూపర్‌విజన్ కింద కనీసం 100 గంటలు క్లయింట్లతో కూర్చోవాలి. ఇక్కడ ఆ ప్రశ్నకు జవాబే రాలేదు. ఒరిజినల్స్ ఇవ్వకండి, జిరాక్సులు చాలు. ఇంట్లోవాళ్ల విషయాలు ఫారంలో రాసేముందు ఆ ఫారం ఎవరి చేతిలో ఉంటుందో, మీరు చేరకపోతే తిరిగి ఇస్తారో లేదో అడగండి.

నేను మొదట 1915 కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌లో కంప్లయింట్ ఇస్తున్నా, తర్వాత నెల్లూరు జిల్లా కన్స్యూమర్ కమిషన్‌కు వెళ్తున్నాం. 2019 చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. ప్రకాశం జిల్లా నుంచి డబ్బు కట్టినవాళ్లు ఒంగోలులో వేసుకోవచ్చు, నెల్లూరు దాకా తిరగక్కర్లేదు. 5 లక్షల లోపు వ్యవహారానికి కమిషన్ ఫీజు కూడా లేదు. రసీదులు, వాట్సాప్ మెసేజ్‌లు, లైసెన్స్ వస్తుందని చెప్పిన కాల్ రికార్డింగులు ఉంటే దాచిపెట్టి నాకు మెసేజ్ చేయండి, లాయర్ గారితో మాట్లాడిస్తా.

నిన్న ఆ హాల్లో కూర్చున్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, ఆయన అన్న మాటలు మీరు విన్నారు. సాక్ష్యం చెప్పడానికి మీలో ఒక్కరు వచ్చినా చాలు. వచ్చే ఆదివారం మళ్లీ డెమో ఉందట, అక్కడికి వెళ్లబోయేవాళ్లకు ఆ లోపే ఈ పోస్టు పంపండి.