క్లాసులకి నాలుగు స్టార్లు, అడ్మిషన్ గైడెన్స్‌కి ఒకటి: రాజమండ్రిలో ఒక క్లినికల్ సైకాలజీ కోచింగ్

అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం నాది. సైకాలజీ కోచింగ్ మీద నువ్వు రివ్యూ రాయడమేంటి బావా అని మా బావమరిది నవ్వాడు. ఫీజు కట్టింది నేను కాబట్టి రాస్తున్నానండి. సెంటరు పేరు రాయను, వాళ్లతో లెక్క ఇంకా తేలలేదు.

మా అమ్మాయి ఆంధ్రా యూనివర్సిటీలో ఎమ్మెస్సీ సైకాలజీ చేసింది. క్లినికల్ సైకాలజిస్టు అవ్వడానికి అది చాలదు. రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా అని ఒకటుంది, ఆర్‌సీఐ అంటారు. మా అమ్మాయి అప్లై చేసినప్పుడు, ఆ కౌన్సిల్ ఒప్పుకున్న చోట రెండేళ్లు ఎంఫిల్ చేసి, వాళ్ల రిజిస్టర్లో పేరు ఎక్కించుకోవాల్సి ఉండేది. దానికి పీజీలో 55 శాతం మార్కులుండాలన్నారు, ఎంట్రన్స్ రాయాలన్నారు, ఆపైన ఇంటర్వ్యూ. క్లాసులు, మెటీరియల్, మాక్ టెస్టులు కలిపి 38 వేలన్నారు. అడ్మిషన్ గైడెన్స్ అని విడిగా ఇంకో 12 వేలు. రెండూ కట్టాను.

బాగున్నది ముందు చెప్తాను. సైకోపాథాలజీ, అంటే మానసిక జబ్బుల పాఠం, చెప్పిన మేడం గట్టి మనిషి. శని, ఆదివారాలు అమ్మాయి రావులపాలెం మీదుగా బస్సులో వెళ్లొచ్చేది. మిగతా రోజుల్లో రాత్రి పూట వీడియోలు పెట్టుకునేది. పక్కనే చిట్టా రాసుకుంటూ నేనూ చాలావరకు విన్నాను. ఒక క్లాసులో ఆవిడ ఇలా అడిగారు: గోదావరి లంకల్లో ఉండే ఒకాయన వచ్చి, ఊళ్లో అందరూ నా గురించే చెవులు కొరుక్కుంటున్నారు అంటున్నాడు. అది ఉత్త అనుమానమా, డెల్యూషనా (ఎంత చెప్పినా వదలని భ్రమ), ఎలా తేలుస్తారు? పిల్లలు పుస్తకంలో ఉన్న డెఫినిషన్ గడగడా అప్పజెప్పారు. ఆవిడ ఒప్పుకోలేదు. "ముందు ఆయనకి ఊళ్లో నిజంగా ఏదైనా తగాదా ఉందేమో కనుక్కోండి. ఆ తర్వాత, పోనీ మీరు పొరబడి ఉండొచ్చాండీ అని మెల్లిగా అడగండి. ఏమోనండి, అయ్యుండొచ్చు అన్నాడంటే ఒక దారి. ఎన్ని చెప్పినా చలించకుండా, మీరు కూడా వాళ్ల మనిషేనా అన్నాడంటే ఇంకో దారి. అప్పుడైనా ఇంట్లోవాళ్లని అడక్కుండా పేరు పెట్టకండి" అన్నారు. నేను చిట్టా మూసేసి మరీ విన్న క్లాసది.

స్టాటిస్టిక్స్ సారు పర్వాలేదు, కొంచెం పరుగు ఎక్కువ. మాక్ టెస్టుల్లో ప్రశ్నలు బాగానే ఉన్నాయి గానీ యాప్ మధ్యలో ఆగిపోయేది.

మెటీరియల్ దగ్గరికొస్తే, మా బజార్లో కాయని చెవి దగ్గర ఊపి చూడకుండా ఎవరూ కొనరు. అమ్మాయి ఆ పుస్తకాలని అలాగే ఊపి చూసింది. జబ్బుని అయిదు యాక్సిస్‌ల మీద, అంటే అయిదు కోణాల్లో విడివిడిగా, రాయాలని ఒక చాప్టరంతా ఉంది. డీఎస్ఎం అంటే మానసిక జబ్బులకి అమెరికా వాళ్ల లిస్టు పుస్తకం. అది డీఎస్ఎం-4 నాటి పద్ధతి, 2013లో డీఎస్ఎం-5 వచ్చినప్పుడే తీసేశారు. ఆస్పెర్జర్స్‌ని విడి జబ్బుగా రాశారు, అదీ అప్పుడే ఆటిజంలో కలిసిపోయింది. స్కిజోఫ్రీనియాలో పారనాయిడ్, హెబిఫ్రీనిక్ అని రకాలు బట్టీ పట్టమన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల లిస్టు, 2022 జనవరిలో అమల్లోకొచ్చిన ఐసీడీ-11లో ఆ రకాలే లేవు. పాతవి కూడా పరీక్షలో అడుగుతారండి అని ఆఫీసువాళ్లు సర్దిచెప్పారు. అడుగుతారు, నిజమే. అలాంటప్పుడు పక్కన "పాతది" అని ఒక ముక్క వేయొచ్చు కదా. ఆ పని మేడమే చేశారు, క్లాసులో కూర్చోబెట్టి పేజీ పేజీకి కొట్టేయించారు. 38 వేలు తీసుకుని అచ్చేసిన పుస్తకం అది.

ఇంటర్వ్యూ ట్రైనింగ్ మాత్రం పైసా వసూల్. తెలివితేటలు కొలిచే పరీక్షల్లో బినే-కామత్ ఎప్పుడు వాడతావు, భాటియా బ్యాటరీ ఎప్పుడు వాడతావు, చదువురాని మనిషి ఎదురుగా ఉంటే ఏది తీస్తావు అని ఊపిరాడనివ్వలేదట. నీ యూనివర్సిటీ గురించి కూడా చదువుకుని వెళ్లమన్నారు. వైజాగ్‌లో 1960ల్లో కోనేరు రామకృష్ణారావు గారు సైకాలజీతో పాటు పారాసైకాలజీకీ (టెలిపతీ లాంటివాటి మీద పరిశోధన) కలిపి ఒక డిపార్ట్‌మెంటు పెట్టారన్న సంగతి అక్కడే చదివిన మా అమ్మాయికి అప్పుడే తెలిసింది.

ఇక ఆ 12 వేల గైడెన్స్. ఎంఫిల్ సంగతే అప్పుడు అయోమయంగా ఉందండి. 2020 జాతీయ విద్యావిధానంలో ఎంఫిల్ ఎత్తేస్తామన్నారు. 2023 డిసెంబరులో యూజీసీ, అంటే యూనివర్సిటీల మీదుండే కేంద్ర సంస్థ, ఇక ఎవర్నీ చేర్చుకోవద్దని యూనివర్సిటీలకి చెప్పింది. తర్వాత క్లినికల్ సైకాలజీకీ, సైకియాట్రిక్ సోషల్ వర్క్‌కీ మాత్రం 2025–26 దాకా పొడిగించింది. ఇంకోపక్క ఆర్‌సీఐ కొత్తగా క్లినికల్ సైకాలజీలో ఎంఏ, సైడీ (Psy.D., డాక్టరేటు) కోర్సులు తెచ్చింది. ఏ తలుపు మూస్తున్నారు, ఏది తెరుస్తున్నారు అని చెప్పడానికే కదా గైడెన్స్ అనేది. మాకొచ్చింది వాట్సాప్‌లో ఒక కాలేజీల లిస్టు, అంతే. అందులో పైనున్న ప్రైవేటు యూనివర్సిటీ పేరు అమ్మాయి ఆర్‌సీఐ వెబ్‌సైట్లో వెతికితే ఆ కోర్సుకి అప్రూవల్ లేదు. ఫోన్ చేశాను.

"యూజీసీ గుర్తింపు ఉంది కదండి అంకుల్" అన్నాడు కౌన్సెలర్ అబ్బాయి.

"యూజీసీ ఉంటే ఆర్‌సీఐ నంబరు ఇస్తారా బాబూ?"

"అది తర్వాత చూసుకోవచ్చండి. సీటైతే గ్యారంటీ."

"ఆ గ్యారంటీ కాయితం మీద రాసిస్తావా?"

మేనేజర్ గారితో మాట్లాడి చెప్తానన్నాడు. మళ్లీ చేయలేదు.

ఆ నంబరుకి అంత పట్టుబట్టడం దేనికంటే, మా వీధిలోనే ఒక పిల్లాడికి సదరం సర్టిఫికెట్ కోసం ఐక్యూ పరీక్ష చేయించడానికి తల్లి పడ్డ పాట్లు చూశాను. రిజిస్టర్లో ఉన్న మనిషి కోసం ఊళ్లు తిరిగిందావిడ. రిజిస్ట్రేషన్ లేకుండా ప్రాక్టీసు పెడితే 1992 చట్టం ప్రకారం ఏడాది వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. వెయ్యి చూసి నవ్వొచ్చింది గానీ జైలు మాట చూసి నవ్వు ఆగిపోయింది.

అదే ఆఫీసులో ఒక బీకాం కుర్రాడికి, దూరవిద్యలో సైకాలజీ ఎంఏ చేసెయ్ తమ్ముడూ అని సలహా ఇస్తుంటే విన్నాను. 2025 జూలై–ఆగస్టు బ్యాచ్ నుంచి సైకాలజీని దూరవిద్యలోనూ ఆన్‌లైన్‌లోనూ చెప్పడానికి లేదని యూజీసీ ఆపేసింది. ఆ అబ్బాయి ఎవరో, ఇది చదివితే బాగుణ్ణు.

చివరికి అమ్మాయి ఆర్‌సీఐ లిస్టు తనే ముందేసుకుని, అందులో ఉన్నవాటికే అప్లై చేసింది. బయటి రాష్ట్రంలో సీటొచ్చింది. రాజమండ్రిలో దగ్గరుండి చదువుకోవాలంటే క్లాసులకి వెళ్లండి, ఆ మేడం బ్యాచ్ అవునో కాదో అడిగి మరీ చేరండి. గైడెన్స్ ప్యాకేజీ కట్టకండి. ఆర్‌సీఐ లిస్టు ఊరికే దొరుకుతుంది.

సీటొచ్చిన వారానికి సెంటరు ముందు ఫ్లెక్సీ కట్టారు, "మా అడ్మిషన్ గైడెన్స్‌తో సీటు సాధించిన" అని మా అమ్మాయి ఫొటో వేసి. నా 12 వేలైనా ఇవ్వండి, ఆ ఫొటో అయినా తీసేయండి అన్నాను. మర్నాటికల్లా ఫొటో తీసేశారు. డబ్బుల కోసం ఇంకా ఫోన్లు చేస్తున్నాను.