ఉప్పలపాడా, ఆటపాకా? గూడబాతు పిల్లల్ని చూడాలంటే ఎటు వెళ్ళాలి

జూలలో సంతానోత్పత్తి కేంద్రాలు సందర్శకుల కంట పడవు. విశాఖ ఇందిరాగాంధీ జూలో రేచుకుక్కల్ని, హైదరాబాద్ నెహ్రూ జూలో 2010 నుంచి మూషిక జింకల్ని పెంచుతున్న ఆవరణలను జనానికి దూరంగానే ఉంచుతారు. ఈనిన తల్లి బెదిరితే పిల్లల్ని వదిలేసే ప్రమాదం ఉంది కాబట్టి అదే సరైన పద్ధతి. పిల్లల పెంపకాన్ని కళ్ళారా చూడాలనుకునే విజయవాడ, గుంటూరు వాళ్ళకు మాత్రం అంతకంటే మంచి చోట్లు రెండు దగ్గర్లోనే ఉన్నాయి. ఒకటి గుంటూరుకు ఆనుకున్నట్టుండే ఉప్పలపాడు, రెండోది కైకలూరు పక్కన ఆటపాక. రెండూ గూడబాతులు (పెలికాన్లు) గుంపుగా గూళ్ళు కట్టుకునే కాలనీలే. అయితే చూసే తీరు వేరు, ఖర్చు వేరు, అక్కడ పక్షుల కోసం చేసిన ఏర్పాట్లు వేరు.

ముందుగా ఏ నెలలో వెళ్ళాలన్న సంగతి. గూడబాతులు వానాకాలం చివర్లో గూళ్ళ పని మొదలుపెడతాయి. రెండు నుంచి నాలుగు గుడ్లు పెడతాయి, నెల రోజులకు పైగా పొదుగుతాయి. పిల్ల పూర్తిగా ఎగరడానికి ఇంకో మూడు నాలుగు నెలలు పడుతుంది. డిసెంబరు రెండో సగం నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా వెళ్తే అన్ని వయసుల పిల్లలూ కనిపిస్తాయి. అక్టోబరులో వెళ్తే పుల్లలు మోసే పక్షుల్ని చూసి రావడమే. మే నెలలో కొమ్మలు చాలావరకు ఖాళీ.

ఉప్పలపాడు గుంటూరు నుంచి ఎనిమిది కిలోమీటర్ల లోపే. అడవీ కాదు, కొండా కాదు. ఊరి చెరువులు, వాటి మధ్య సర్కారు తుమ్మ చెట్లు, చుట్టూ ఇళ్ళు. పక్షికీ మనిషికీ మధ్య దూరం ఇంత తక్కువగా ఉండే కాలనీలు మన రాష్ట్రంలో అరుదు. కట్ట మీద నిలబడి 8×42 బైనాక్యులర్ పెడితే గూట్లో పిల్ల చర్మం రంగు కూడా తెలుస్తుంది. కొత్తగా పుట్టింది బోసిగా, గులాబీ రంగులో, కళ్ళు మూసుకుని ఉంటుంది. తర్వాత తెల్లటి నూగు కప్పేస్తుంది. తల్లి చేపతో వచ్చి వాలగానే ఎదిగిన పిల్ల ముక్కు, తల, మెడ సగం దాకా తల్లి గొంతులోకి దూర్చేస్తుంది. మొదటిసారి చూసేవాళ్ళకు తల్లి దాన్ని మింగుతోందేమో అనిపిస్తుంది. నిజానికి పిల్ల లోపలున్న చేపను అందుకుంటోంది. చెరువంతా వినిపించే అరుపులు కూడా పిల్లలవే. పెద్ద గూడబాతు గూటి దగ్గర దాదాపు మూగది.

ఒకే గూట్లో పిల్లలు ఒకటి పెద్దగా, ఒకటి చిన్నగా కనిపిస్తాయి. మొదటి గుడ్డు పెట్టగానే పొదగడం మొదలవుతుంది కాబట్టి పిల్లలు ఒకేరోజు బయటికి రావు. చేప తక్కువైన ఏడాది చిన్నది బతకడం కష్టం. కింద పడిన పిల్లకు తల్లి మేత పెట్టదు. అలాంటిది కనిపిస్తే మీరు నీళ్ళలోకి దిగకండి, అక్కడి కాపలాదారుకు చెప్పండి.

పక్క కొమ్మల మీద తోక దగ్గర గులాబీ ఈకలు, పసుపు ముక్కు ఉన్నవి పెయింటెడ్ స్టార్క్‌లు. మన దగ్గర చాలామంది ఎర్రకాళ్ళ కొంగలంటారు. ఎండ ముదిరాక ఇవి రెక్కలు విప్పి పిల్లల మీద నీడ పడేలా నిలబడతాయి. ఆ దృశ్యం కోసమే పదకొండు గంటల దాకా ఆగవచ్చు. మిగతా వాటికి పొద్దున్న ఆరున్నర నుంచి తొమ్మిది, సాయంత్రం నాలుగు నుంచి చీకటి పడేదాకా మంచి సమయం.

ఇవన్నీ సైబీరియా నుంచి వచ్చి ఇక్కడ గుడ్లు పెడతాయని తరచూ వినిపిస్తుంది. అది తప్పు. గూడబాతు, ఎర్రకాళ్ళ కొంగ, నత్తగుల్ల కొంగ మన దేశపు పక్షులే. నీళ్ళు, చేపలు ఎక్కడుంటే అక్కడికి తిరుగుతూ ఉంటాయి. రోజీ స్టార్లింగ్ లాంటివి నిజంగానే దూర దేశాల నుంచి చలికాలానికి వస్తాయి గానీ ఇక్కడ గూడు కట్టవు. పిల్లల్ని కనేది మన పక్షే కాబట్టి వాటి చోటు కాపాడే బాధ్యత కూడా పూర్తిగా మనదే.

ఆ చోటు ఎలా చెడుతుంది? మొదటిది నీటి మట్టం. గూళ్ళున్న చెట్ల చుట్టూ నీళ్ళు ఉన్నంతకాలం కుక్కలు, పిల్లులు దరి చేరవు. జనవరి దాటాక చెరువు తగ్గి నేల బయటపడితే కింది కొమ్మల పిల్లలకు గండం. అందుకే వేసవికి ముందే నీళ్ళు నింపి పెట్టుకోవడం ఇలాంటి చెరువులకు ప్రాణం. రెండోది రెట్ట. ఏళ్ళ తరబడి పడిన రెట్ట ఘాటుకు ఆకు మాడి, కొమ్మ ఎండి, చెట్టే చచ్చిపోతుంది. ఎండిన కొమ్మ గాలివానకు గూటితో సహా విరుగుతుంది. నీళ్ళు పచ్చబడి వాసన కొట్టేదీ ఈ రెట్ట వల్లే. మధ్యాహ్నం వాసన గట్టిగా ఉంటుంది, చంటిపిల్లలతో వెళ్ళేవాళ్ళు పొద్దున్నే ముగించుకోవాలి.

చెట్టు చచ్చినచోట ఏం చేయాలో ఆటపాకలో కనిపిస్తుంది. ఏలూరు జిల్లా కైకలూరు ఊరు దాటగానే వచ్చే ఈ పెద్ద చెరువు కొల్లేరు అభయారణ్యంలో భాగం. కొల్లేరులో ఒకప్పుడు పెద్ద గూడబాతుల కాలనీ ఉండేది. 1946లో పక్షి పరిశీలకుడు కె.కె. నీలకంఠన్ దాన్ని గుర్తించినప్పుడు దాదాపు 3000 పక్షులు గూళ్ళు కట్టుకుని ఉన్నాయి. 1975 నాటికి అది ఖాళీ అయిపోయింది. 1999లో కొల్లేరును అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది, 2006లో అక్రమ చేపల చెరువుల గట్లు కొట్టేశారు. చెట్లు సరిపోకపోవడంతో ఆటపాకలో అటవీశాఖ నీళ్ళలో ఇనుప స్టాండ్లు నిలబెట్టింది. మన చేల మంచెల్లాంటివే. పక్షులు వాటి మీదికే పుల్లలు మోసుకొచ్చి వరసగా గూళ్ళు కట్టుకుంటాయి.

ఇలాంటి స్టాండు చూసేటప్పుడు మూడు విషయాలు గమనించండి. పై అంచు వరద మట్టానికి పైన ఉందా? కడ్డీల మధ్య సందు పుల్లలు జారిపోనంత దగ్గరగా ఉందా? పక్క గూటి పక్షి ముక్కు అందనంత ఎడం ఉందా? స్టాండు కాళ్ళు తుప్పు పట్టేది నీటి అంచు దగ్గరే, ఒరిగిన స్టాండ్లకు అదే కారణం. ఇనుము చెట్టులా నీడనివ్వదు, మార్చి ఎండల్లో ఆలస్యంగా పుట్టిన పిల్లలు తట్టుకోలేవు. కాబట్టి స్టాండు చెట్టుకు తోడే గానీ బదులు కాదు. గట్ల వెంబడి నల్లతుమ్మ నాటుతూ ఉండాల్సిందే.

ఆటపాకలో పడవ ఉంది, అదే పెద్ద ఆకర్షణ. కానీ పడవ గూటి పక్కకు పోతే పెద్ద పక్షులు లేచిపోతాయి, ఆ కాసేపట్లో పిల్ల ఎండలో, గద్ద కంట్లో పడుతుంది. దూరంగా ఆపమని పడవ నడిపేవారికి మీరే చెప్పండి. ఆదివారం రద్దీ, మామూలు రోజు వెళ్ళడం మేలు. చేపలు విసరడం రెండుచోట్లా వద్దు. 2021-22 చలికాలంలో శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో వందకు పైగా గూడబాతులు చనిపోవడానికి చేపల ద్వారా చేరిన నులిపురుగులే కారణమని తేలింది.

బస విషయానికొస్తే ఉప్పలపాడుకు గుంటూరులోనే దిగాలి. ఆటో రానూపోనూ, రెండు గంటల వెయిటింగుతో కలిపి ముందే మాట్లాడుకోండి. తిరుగు ఆటో అక్కడ వెంటనే దొరకదు. నీళ్ళు, టోపీ వెంట ఉండాలి. ఆటపాకకు విజయవాడ నుంచి గుడివాడ మీదుగా డెబ్బై పైచిలుకు కిలోమీటర్లు. బస్సూ ఉంది, భీమవరం వైపు వెళ్ళే రైలూ కైకలూరులో ఆగుతుంది. సౌకర్యమైన గది కావాలంటే విజయవాడలో ఉండి పొద్దున్నే బయలుదేరడమే నయం. ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర రోజుల్లో ఆ దారి బస్సులు కిక్కిరిసి ఉంటాయి.

ఒక్కటే చూసే వీలుంటే జనవరి పొద్దున ఉప్పలపాడుకే మా ఓటు. తక్కువ ఖర్చు, పూట పని, పిల్లలు చాలా దగ్గరగా కనిపిస్తాయి. సొంత కారుంటే రెండూ ఒకేరోజు కుదురుతాయి. తొమ్మిదిన్నరకు ఉప్పలపాడు వదిలి, విజయవాడ దాటి, గుడివాడలో భోజనం చేసి మూడున్నరకు ఆటపాక చేరితే మేతకు పోయిన పక్షులు గూళ్ళకు తిరిగొచ్చే వేళకు గట్టు మీద ఉంటారు.