హైదరాబాద్ నుంచి ఎర్రమట్టి దిబ్బలకు: రైలు, బస, నడక

విశాఖ–భీమిలి బీచ్ రోడ్డు మీద కారాపి, అంచు నుంచి తొంగి చూసి "ఇంతేనా" అని వెనుదిరిగేవాళ్లే ఎక్కువ. ఎర్రమట్టి దిబ్బల అసలు అందం కిందికి దిగాకే, వాన కోసిన గెడ్డల్లో, అంటే వాగుల్లాంటి లోతైన చీలికల్లో. అరకుతో కలిపి అమ్మే ప్యాకేజీల్లో దీనికిచ్చే పావుగంట దండగ. రెండు గంటలైనా ఉండాలి, అదీ పొద్దున్నే.

అందుకే గోదావరి ఎక్స్‌ప్రెస్ నయం. సాయంత్రం ఎక్కితే తెల్లవారేసరికి విశాఖలో ఉంటారు. వందేభారత్ వేగమే గానీ, మధ్యాహ్నం సికింద్రాబాద్‌లో ఎక్కితే దిగేసరికి అర్ధరాత్రి కావస్తుంది, ఆ రాత్రికి గది అద్దె అదనం. విశాఖ నుంచి దిబ్బలు 20 కిలోమీటర్ల పైచిలుకు. 900కె సిటీ బస్సు బీచ్ రోడ్డు మీదుగా వెళ్తుంది. ఆటో అయితే రానూపోనూ, వెయిటింగ్‌తో కలిపి ముందే బేరమాడుకోవాలి.

బసకు రుషికొండ మేలు, దారి చాలా కలిసొస్తుంది. తిండికీ, రాత్రి షికారుకీ ఆర్కే బీచ్ వైపు బాగుంటుంది. పాత వీడియోలు చూసి రుషికొండ మీద హరిత రిసార్ట్ కోసం వెతక్కండి, దాన్ని ఎప్పుడో కూల్చేశారు.

ఈ దిబ్బలు ఏర్పడిన తీరు తెలిస్తే జాగ్రత్తలు వాటంతటవే అర్థమవుతాయి. మంచుయుగంలో సముద్రం వెనక్కి తగ్గినప్పుడు గాలి ఎగరేసి పోసిన ఇసుక ఇది. రేణువులకు ఐరన్ ఆక్సైడ్ పూత పట్టి ఎర్రబడింది. పొడిగా ఉంటే నిట్టనిలువు గోడలా నిలుస్తుంది, తడిస్తే బెల్లంలా కరుగుతుంది. గోడల అడుగు కోసుకుపోయి పైఅంచు వేలాడుతుంటుంది. అక్కడ సెల్ఫీకి నిలబడితే అంచుతో సహా కిందికే. వానలప్పుడు అసలు దిగొద్దు, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనువు. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాకెక్కిన చోటన్న గౌరవం సరే, గోడ మీద గీసిన పేరు తర్వాతి వానకు కాలువవుతుంది, అందుకైనా చెక్కకండి.

గెడ్డలు చీలుతూ పోతాయి, అన్నీ ఒకేలా కనిపిస్తాయి. దిగేచోట ఫోన్‌లో పిన్ పెట్టుకుని, ప్రతి చీలిక దగ్గరా వెనక్కి తిరిగి ఒక ఫొటో తీసుకోండి. వచ్చేటప్పుడు చూడాల్సింది ఆ వైపే మరి. జీడిమామిడి పొదలు తప్ప పెద్దగా నీడ ఉండదు. మనిషికో లీటరు నీళ్లు తప్పనిసరి, తెల్లబట్టలు మాత్రం వద్దు. పక్కనే ఐఎన్‌ఎస్ కళింగ నౌకాదళ స్థావరం ఉంది, డ్రోన్ ఇంట్లోనే వదిలేయండి.

ఎండ ముదిరేలోపు బయటపడితే తిరుగుదారిలో తొట్లకొండ బౌద్ధ శిథిలాలకు సమయం చిక్కుతుంది. మంగమారిపేట దగ్గరి సహజ శిలాతోరణం మాత్రం ఆటు సమయంలో వెళ్తేనే బాగా కనిపిస్తుంది.