రీషీ పుట్టగొడుగు క్యాప్సూల్స్ కొనేవారు జాగ్రత్త: డబ్బా మీది ‘పాలీశాకరైడ్ల’ శాతాన్ని నమ్మకండి

మా ఇంట్లో పెద్దవారి కోసం రీషీ పుట్టగొడుగు సారం అని రాసి ఉన్న క్యాప్సూల్స్ ఆన్‌లైన్‌లో తెప్పించాను. పాలీశాకరైడ్లు, అంటే చక్కెర అణువులు గొలుసులా కలిసిన పదార్థాలు, అధిక శాతంలో ఉన్నాయని డబ్బా మీద పెద్ద అక్షరాలతో ముద్రించారు. ఒక క్యాప్సూల్ విప్పి పొడిని నాలుక మీద వేసుకుంటే, చేదు మచ్చుకైనా లేదు సరికదా, కాస్త తియ్యగా, పిండిపిండిగా తగిలింది. రీషీకి ఆ గాఢమైన చేదును ఇచ్చేవి గానోడెరిక్ ఆమ్లాల వంటి ట్రైటెర్పీన్లు అనే రసాయనాలు. అవి తగినంతగా ఉన్న సారం చేదుగా ఉండి తీరాలి.

అనుమానం తీరక ఆ పొడిని నీళ్లలో మరిగించి, పూర్తిగా చల్లార్చి, గాయాలకు వాడే టింక్చర్ అయోడిన్ రెండు చుక్కలు వేశాను. చూస్తుండగానే నీరు సిరాలా ముదురు నీలంగా మారింది. అయోడిన్‌ను అలా నీలంగా మార్చేది స్టార్చ్, అంటే ధాన్యాల్లో ఉండే పిండిపదార్థం. పుట్టగొడుగులు స్టార్చ్‌ను నిల్వ చేసుకోవు, గ్లైకోజెన్ అనే వేరే పదార్థాన్ని దాచుకుంటాయి; కాబట్టి ఆ నీలం ధాన్యం నుంచి వచ్చిందనే అనుకోవాలి. ఉడికించిన ధాన్యం మీద మైసీలియాన్ని, అంటే శిలీంధ్రపు దారాలను పెంచి, వాటిని ధాన్యం నుంచి విడదీయలేక మొత్తాన్నీ ఎండబెట్టి పొడి చేసే పద్ధతి ఒకటి ఉంది. మైసీలియానికి విలువ లేదని నేననను. లయన్స్ మేన్ అనే మరో పుట్టగొడుగులోని ఎరినసిన్లు అనే రసాయనాలు లభించేది ప్రధానంగా అందులోనే. కానీ ధాన్యం కలిసిన పొడిని పుట్టగొడుగు సారమని అమ్మడం మోసమే.

శాతం విషయంలోని కిటుకు కూడా ఇక్కడే ఉంది. స్టార్చ్ కూడా పాలీశాకరైడే కనుక, ధాన్యం ఎంత ఎక్కువ కలిస్తే డబ్బా మీది అంకె అంత ఘనంగా కనిపిస్తుంది. కానీ రోగనిరోధక కణాల మీది డెక్టిన్-1 అనే గ్రాహకం గుర్తించేది స్టార్చ్‌ను కాదు, పుట్టగొడుగుల కణగోడల్లో ఉండే బీటా గ్లూకాన్లు అనే పాలీశాకరైడ్లను. అందువల్ల కొనేముందు బీటా గ్లూకాన్ల శాతం ఎంత, స్టార్చ్ శాతం ఎంత అని విడివిడిగా అడగండి. ఆ బ్యాచ్‌కు బయటి ప్రయోగశాల ఇచ్చిన నివేదిక చూపమనండి. నేను అడిగితే అమ్మకందారు భారలోహాల పరీక్ష కాగితం ఒకటి పంపి, బీటా గ్లూకాన్ల మాటెత్తగానే జవాబివ్వడం మానేశాడు. మూత తీసిన డబ్బాను వాపసు తీసుకోరట.

అంతకంటే నన్ను కలవరపెట్టింది డబ్బాలోని కరపత్రం. క్యాన్సర్‌కు జపాన్ ఆమోదించిన మందు ఇదేనన్నట్టు అందులో రాశారు. జపాన్ 1977లో ఆమోదించిన క్రెస్టిన్ అనే మందు టర్కీ టెయిల్ పుట్టగొడుగు నుంచి, 1985లో ఆమోదించిన లెంటినాన్ షీటాకే పుట్టగొడుగు నుంచి శుద్ధి చేసి తీసినవి. రెండూ వైద్యుల పర్యవేక్షణలో ప్రధాన చికిత్సకు తోడుగా ఇచ్చినవే, పైగా లెంటినాన్ ఇంజెక్షన్. రీషీ పొడి క్యాప్సూల్‌కూ వాటికీ ఏ సంబంధమూ లేదు. ఈ కరపత్రం చదివి ఎవరైనా చికిత్స మానుకుంటే జరిగే నష్టం డబ్బుతో పూడ్చలేనిది.

వార్ఫరిన్ వంటి రక్తాన్ని పలుచబరిచే మందులు వాడేవారు, శస్త్రచికిత్సకు సిద్ధమవుతున్నవారు రీషీ విషయం ముందుగా వైద్యునికి చెప్పాలి, ఎందుకంటే దానివల్ల రక్తస్రావం పెరిగే అవకాశం ఉంది. రీషీ పొడి వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న కేసులూ వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. ఈ సంగతుల్లో ఒక్కటీ ఆ డబ్బా మీద గానీ, కరపత్రంలో గానీ లేదు.