ఫొటో ఎవరికీ చూపించకుండానే అడ్డుకునే సైటు: స్టాప్ ఎన్‌సీఐఐ మీద నా రివ్యూ

"నీ ఫొటోలు నా దగ్గరున్నాయి, చెప్పినట్టు వినకపోతే అందరికీ పంపిస్తా." ఇలాంటి మెసేజ్ వచ్చిన ఆడపిల్ల ఆ రాత్రే తన ఫోన్‌లోనే చేసుకోగలిగిన పని ఒకటుంది. స్టాప్ ఎన్‌సీఐఐ డాట్ ఓఆర్‌జీ అనే సైటు, మన ఇష్టం లేకుండా మన నగ్న, ఏకాంత ఫొటోలు నెట్‌లో పాకకుండా ఆపడానికి పెట్టింది. పైసా ఖర్చు లేదు. మనలో చాలామందికి దీని పేరే తెలియదు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

నాకు బాగా దగ్గరి అమ్మాయి, ఉద్యోగం చేసుకుంటోంది, ఒకప్పుడు నమ్మినవాడే ఇలా బెదిరించడం మొదలుపెట్టాడు. ఇంట్లో చెప్పలేదు. స్టేషన్‌కి వెళ్తే ఫొటోలు చూపించమంటారేమో, అక్కడున్న వాళ్ళంతా చూస్తారేమో అన్న భయంతో అటు అడుగు కూడా వేయలేదు. నాకు ఫోన్ చేసి ఏడుస్తూ అడిగింది ఒక్కటే, "అక్కా, ఎవరికీ చూపించకుండా ఆపే దారి ఏదైనా ఉందా?" అని. ఇద్దరం కూర్చుని ఈ సైటు తెరిచాం.

ఇది పని చేసే తీరే నాకు అన్నిటికంటే నచ్చింది. కేసు పెట్టే (పోలీసు కేసు కాదు, ఈ సైటులో నమోదు చేసుకునే) బటన్ నొక్కితే ముందు కొన్ని ప్రశ్నలు అడుగుతుంది: ఫొటోలో ఉన్నది మీరేనా, 18 ఏళ్ళు నిండాయా, అది ఎలాంటి ఫొటో, ఇలా. తర్వాత మన ఫోన్‌లోంచి ఆ ఫొటోలని ఎంచుకోవాలి. ఇక్కడ గుండె ఆగినంత పనవుతుంది కదా, ఆ పిల్లకీ అలాగే అయింది. కానీ ఫొటో ఎక్కడికీ వెళ్ళదు. మన ఫోన్‌లోనే దానికి వేలిముద్ర లాంటి ఒక కోడ్ తయారవుతుంది, దాన్నే హ్యాష్ అంటారు. సైటుకి చేరేది ఆ కోడ్ మాత్రమే, దాన్నుంచి ఫొటోని మళ్ళీ తయారు చేయడం కుదరదు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, రెడిట్, స్నాప్‌చాట్, బంబుల్ లాంటి కంపెనీలు ఆ కోడ్ తీసుకుని, అదే ఫొటో ఎవరైనా పెడుతున్నారా అని చూసుకుంటాయి, దొరికితే తమ రూల్స్ ప్రకారం తీసేస్తాయి. 2024లో మైక్రోసాఫ్ట్ బింగ్ కూడా చేరింది. బ్రిటన్‌లో ఇలాంటి బాధితుల కోసమే నడిచే ఒక హెల్ప్‌లైన్, ఫేస్‌బుక్ యజమాని మెటాతో కలిసి 2021 డిసెంబర్‌లో దీన్ని మొదలుపెట్టింది. మనం ఎక్కడున్నా వాడుకోవచ్చు.

చివర్లో ఒక కేసు నంబర్ వస్తుంది, పిన్ పెట్టుకోవాలి. ఈ రెండూ కాగితం మీద రాసుకోండి, పోతే మళ్ళీ ఇవ్వరు. ఇంకో ముఖ్యమైన విషయం, భయంతో ఫొటోలు డిలీట్ చేయకండి. దాదాపు అందరూ ముందు చేసేది అదే, కానీ ఫొటో చేతిలో లేకపోతే కోడ్ తయారు కాదు. వాడు బెదిరిస్తూ పంపిన ఫొటో ఉన్నా సరే, దాన్నే వాడొచ్చు. వాడి చాట్ కూడా ఉంచుకోండి, అది రేపు సాక్ష్యం. ఏఐతో తయారు చేసిన నకిలీ నగ్న చిత్రాలకి కూడా కేసు పెట్టొచ్చు. అసలు తీయని ఫొటోకి కూడా పిల్లలు వణికిపోతున్న రోజులివి, అందుకే దీన్ని ప్రత్యేకంగా చెబుతున్నాను.

ఇక లోపాలు. ఈ ఏర్పాటులో చేరిన కంపెనీల దగ్గరే ఇది పని చేస్తుంది. వాట్సాప్‌లో ఒకరికొకరు పంపుకునే వాటిని ఆపలేదు. లోన్ యాప్ ముఠాలు మార్ఫింగ్ ఫొటోలని మన కాంటాక్ట్స్ అందరికీ పంపేది ఎక్కువగా వాట్సాప్‌లోనే కాబట్టి, ఆ బాధితులకి దీనివల్ల సగం మేలు కూడా జరగదు, ఇది నిజంగా బాధేస్తుంది. ఫొటోని బాగా మార్చేస్తే పట్టుకోలేకపోవచ్చు, వీడియోని కాస్త కత్తిరించి మళ్ళీ సేవ్ చేసినా కోడ్ మారిపోవచ్చు. కోడ్ ఇచ్చాక లోపల ఏం జరుగుతోందో మనకి పెద్దగా తెలియదు కూడా. టెన్షన్‌లో ఉన్న మనిషికి ఆ నిశ్శబ్దం భరించడం కష్టం, అందుకే పక్కన ఒక మనిషి ఉండాలి.

వాడిని పట్టుకోవడం ఈ సైటు పని కాదు. దానికి సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ అనే ప్రభుత్వ ఫిర్యాదుల సైటు ఉంది, అందులో ఆడవాళ్ళు, పిల్లల మీద జరిగే నేరాలకి విడిగా ఒక భాగం ఉంది, పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు చేయొచ్చు. అయితే పేరుతో ఇస్తేనే కేసు ముందుకు కదలడం తేలిక. తెలంగాణలో ఆడవాళ్ళ రక్షణ కోసం షీ టీమ్స్ అనే పోలీసు బృందాలు 2014 నుంచీ ఉన్నాయి. ఫొటో అప్పటికే బయటికి వచ్చేసి ఉంటే ఆ కంపెనీకే నేరుగా ఫిర్యాదు పెట్టండి, బాధితురాలు అడిగితే 24 గంటల్లో తీసేయాలని 2021 ఐటీ రూల్స్‌లోనే పెట్టారు, 2026 ఫిబ్రవరిలో ఆ గడువుని 2 గంటలకి తగ్గించారు. స్టాప్ ఎన్‌సీఐఐ కేసు, పోలీసు ఫిర్యాదు రెండూ ఒకేసారి నడిపించొచ్చు, ఆ అమ్మాయి అలాగే చేసింది. ముందు సైటులో పని అయిపోయాక, ఫొటో కొంతైనా అదుపులో ఉందన్న ధీమాతోనే ఫిర్యాదు రాసింది.

నా మార్కులు అయిదుకి నాలుగు. ఆ ఒక్కటి వాట్సాప్ దగ్గర తగ్గించాను.

ఫొటో తీసేనాటికి 18 నిండని పిల్లలైతే ఈ సైటు కాదు, టేక్ ఇట్ డౌన్ అని ఇంకొకటుంది, తప్పిపోయిన, వేధింపులకి గురైన పిల్లల కోసం పని చేసే అమెరికా సంస్థ ఎన్‌సీఎంఈసీ నడుపుతోంది, అదీ ఇలాగే కోడ్‌తోనే పని చేస్తుంది. స్కూల్, ఇంటర్ పిల్లలున్న తల్లులు ఆ పేరు కూడా రాసిపెట్టుకోండి.