గుర్రం ఎక్కడమా, పక్కన నడవడమా: ఏది మేలు?

బెంగళూరులోని మన తెలుగు ఫౌజీ కుటుంబాల ఆడవాళ్లు నన్ను పదే పదే అడుగుతున్న ప్రశ్న ఇది. "అక్కా, మా ఆయనకి పీటీఎస్‌డీ అన్నారు. గుర్రాల థెరపీ మంచిదంటున్నారు. స్వారీలో చేర్పించమంటావా, గుర్రాన్ని తోమి నడిపించే క్లాసులు చాలంటావా?" పీటీఎస్‌డీ అంటే యుద్ధంలాంటి భయంకర అనుభవం తర్వాత మనసును వదలకుండా పీడించే జబ్బు. మావారు ఎంఈజీలో (సైన్యంలోని మద్రాస్ ఇంజినీర్ గ్రూప్‌లో) హవల్దారుగా చేసి రిటైరయ్యారు. మేం రెండోదానికే వెళ్లాం.

ముందు ఒక మాట. ఈ రెండింటిలో ఏదీ డాక్టరు వైద్యానికి బదులు కాదు. అమెరికా రక్షణశాఖ, మాజీ సైనికుల శాఖ కలిసి 2023లో ఇచ్చిన మార్గదర్శకాల్లో పీటీఎస్‌డీకి మొదటి వరసలో పెట్టింది మాటలతో చేసే చికిత్సల్నే: ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్ (భయాన్ని మెల్లమెల్లగా ఎదుర్కోనిచ్చేది), సీపీటీ (జరిగినదాని గురించి ఆలోచించే తీరును సరిచూసేది), ఈఎండీఆర్ (కళ్లు కదిలిస్తూ పాత సంగతిని గుర్తు చేసుకునేది). గుర్రాల థెరపీని చేయించమనడానికీ వద్దనడానికీ ఆధారాలు చాలవన్నారు. కాబట్టి మానసిక వైద్యానికి పేరున్న నిమ్హాన్స్‌కో సైన్యం వాళ్ల కమాండ్ హాస్పిటల్‌కో వెళ్లడం మానేసి లాయానికి వెళ్లొద్దు. రాత్రివేళ పరిస్థితి చెయ్యి దాటుతోందనిపిస్తే ప్రభుత్వ మానసిక సహాయ లైన్ టెలీమానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు.

స్వారీని నేను తక్కువ చేయను. గుర్రం నడుస్తుంటే పైనున్న మనిషి నడుము, తను నడిచినట్టే కదులుతుంది. అందుకే సెరిబ్రల్ పాల్సీ పిల్లలకు దీన్ని వాడతారు. పోలియోతో కాళ్లు దెబ్బతిన్న డెన్మార్క్ మహిళ లిస్ హార్టెల్ 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో గుర్రంపై రజతం గెలిచింది. మాజీ సైనికుల సంగతికొస్తే, మిస్సోరి విశ్వవిద్యాలయం వాళ్లు 29 మందితో ఆరు వారాలు స్వారీ చేయించారు. లక్షణాలు తగ్గాయని 2018లో ప్రచురించారు. ఇంకో మేలూ ఉంది. "థెరపీకి వెళ్తున్నా" అనడానికి నోరు రాని మనిషి "రైడింగ్‌కి వెళ్తున్నా" అని ధైర్యంగా చెప్పుకోగలడు. మన ఇళ్లలో ఇది చిన్న విషయం కాదు.

నేల మీద పనికీ ఇలాంటి ఆధారమే ఉంది. కొలంబియా విశ్వవిద్యాలయంలో 63 మంది మాజీ సైనికులకు వారానికోసారి, గంటన్నర చొప్పున, ఎనిమిది వారాలు గుర్రాలతో పని చేయించారు. ఎవరినీ ఎక్కించలేదు. పీటీఎస్‌డీ, డిప్రెషన్ రెండూ తగ్గాయని, మూడు నెలల తర్వాతా ఆ మేలు నిలిచిందని 2021లో చెప్పారు. పోల్చి చూసేందుకు వేరే బృందం లేదు కాబట్టి దీన్నే పట్టుకుని ఊగిపోనక్కర్లేదు.

పరిశోధనలు ఇలా తేల్చకుండా వదిలేసిన చోట నాకు ముఖ్యమనిపించింది ఒక్కటే: ఉలికిపాటు. పక్క వీధిలో బుల్లెట్ బండి సైలెన్సర్ పేలినా మావారి ఒళ్లంతా బిగుసుకుపోతుంది. అలా ఉలిక్కిపడ్డ మనిషి కాళ్లు దగ్గరకు బిగిస్తాడు, చేతులు ఛాతీ వైపు లాక్కుంటాడు. గుర్రానికి నేర్పిన లెక్కలో కాళ్లు బిగిస్తే "పద", కళ్లెం లాగితే "ఆగు". రెండూ ఒకేసారి అందితే అది ఏం చేయాలి? పైగా వేటాడే మృగాలకు భయపడి పరిగెత్తి బతికిన జాతి కదా, ఆ చప్పుడుకి అదీ బెదిరే ఉంటుంది. నాలుగైదు వందల కిలోల జంతువు మీద ఆ క్షణం ఎలా గడుస్తుందో ఆలోచించండి. అదే నేల మీద ఉంటే ఇద్దరూ ఉలిక్కిపడతారు, తాడు వదులవుతుంది, ఇద్దరూ తేరుకుంటారు. ఆ తేరుకోవడమే ఆయన నేర్చుకోవాల్సింది.

డెక్క శుభ్రం చేసే పని చూడండి. గుర్రం భుజం పక్కన, తోక వైపు తిరిగి నిలబడి, అరచేత్తో కాలి వెంట కిందికి నిమరాలి. అది బరువు పక్క కాలి మీదికి మార్చుకుని తనంతట తాను డెక్క ఇస్తుంది. మావారు మొదట్లో ఊపిరి బిగబట్టి ఆర్డరేసినట్టు కాలు లాగేవారు. గుర్రం తల పైకెత్తి, చెవులు వెనక్కి పెట్టి, స్తంభంలా నిలబడేది. ట్రైనర్ "గాలి వదలండి సార్" అనేది, అంతే. ఆయన వదిలాక దాని తల మెల్లగా దిగేది, నాలుకతో పెదాలు తడుపుకుని కాలు ఇచ్చేది. తన ఒంట్లోని టెన్షన్‌కి జవాబు ఆయనకు కళ్లెదుటే కనిపించింది. జీను మీద కూర్చుంటే ఆ ముఖం కనిపించదు, ధ్యాసంతా పడిపోకుండా ఉండటం మీదే ఉంటుంది.



బెంగళూరులో లాయం చూసుకునేటప్పుడు మూడు విషయాలు చూసుకోండి. ఇక్కడ రేసుల నుంచి రిటైరైన గుర్రాలు చాలా ఉంటాయి. వాటిలో చురుకైనవి మన పనికి పనికిరావు, వయసు మీద పడిన నెమ్మదైన గుర్రం కావాలి. యలహంక వైపైతే ఏరో ఇండియా రోజుల్లో యుద్ధవిమానాల మోత ఉంటుంది, ఆ వారం క్లాసు పెట్టుకోవద్దు. అన్నిటికన్నా ముఖ్యం, గుర్రాలు తెలిసిన మనిషితో పాటు మనసు వైద్యం తెలిసిన మనిషి కూడా ఉండాలి. గుర్రాలను చూసుకునే సైసు ఎంత మంచివాడైనా, మావారికి పాత సంగతి గుర్తొచ్చి వణుకు పుట్టినప్పుడు ఏం చేయాలో అతనికి తెలియదు.

సర్వీసులో గుర్రాలతో పనిచేసినవాళ్లు, వెన్ను బాగున్నవాళ్లు, ఉలికిపాటు తగ్గిందని డాక్టరు చెప్పినవాళ్లు స్వారీకే నేరుగా వెళ్లొచ్చు. మావారు కూడా ఈమధ్య జీను గురించి అడుగుతున్నారు. డాక్టరు సరేనంటే ఎక్కుతారు. హెల్మెట్ పెట్టుకుని, ముందు ఒకరు తాడు పట్టి నడిపిస్తుండగా, మామూలు నడక మాత్రమే.